పరాయి దేశంలో పసిపిల్లలతో హోటలుకా? మానుకోకండి!



మా పెద్దముడియం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా "మావాడు కువైట్‌లో ఉన్నాడు" అనే ఇల్లు ఒకటైనా తగులుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సంగతీ అంతే. రాయచోటి, రాజంపేట వైపు ఇక చెప్పనే అక్కర్లేదు. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది డ్రైవర్లు, కూలిపనివాళ్ళు, ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు. వాళ్ళంతా బిడ్డల్ని ఇక్కడే వదిలి ఒంటరిగా పోతారు. జీతం కాస్త బాగుండి, కుటుంబానికి వీసా దొరికిన కొద్దిమంది మాత్రం భార్యాబిడ్డల్ని వెంట తీసుకువెళ్తారు. ఈ వారం నా మాటలు ముఖ్యంగా ఆ ఇల్లాళ్ళ కోసం. మీ కూతురో కోడలో అక్కడ ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి.

అక్కడి కాపురం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నా పిల్లలిద్దరూ పసివాళ్ళుగా ఉన్నప్పుడు కొన్నేళ్ళు నేనూ అక్కడే ఉన్నాను. రెండు గదుల ఇల్లు, రోజంతా ఏసీ చప్పుడు. వాకిలి లేదు, అరుగు లేదు, గోడ మీదుగా పలకరించే పక్కింటి అత్త లేదు. ఎండాకాలం గుమ్మం దాటితే నిప్పుల కొలిమి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయిందంటే ఊహించుకోండి! భర్త డ్యూటీకి పోతే ఇక తల్లీపిల్లలు నాలుగు గోడల మధ్యనే. వారానికి సెలవు శుక్ర, శనివారాలు. ఆ రెండు రోజుల్లో ఒక పూట సాల్మియాకో ఫర్వానియాకో పోయి, హోటల్లో కూర్చుని, వేరే మనుషుల్ని చూసి, ఒక దోసె తిని రావడమే ఆ ఇల్లాలికి తిరునాళ్ళు.

మరి చంటిపిల్ల ఉంటే ఆ పూట ఎట్లా గడుస్తుంది? పిల్ల ఏడుస్తుంది, నీళ్ళ గ్లాసు ఒలకబోస్తుంది, సాంబారు నాలుకకు తగిలి కేకలు పెడుతుంది. నలుగురూ చూస్తారు. భర్త ముఖం చిట్లించుకుంటాడు. "ఇంక పిల్లలు పెద్దయ్యేదాకా వద్దులే" అని అక్కడికక్కడే తీర్మానం అయిపోతుంది. ఈ తీర్మానం వల్ల పిల్లకు పోయేదేమీ లేదు. భర్తకు బయట డ్యూటీ ఉంది, స్నేహితులున్నారు. వారంలో ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోయేది ఇల్లాలికే. అందుకే చెబుతున్నాను, మానుకోకండి. పద్ధతి మార్చుకుంటే చాలు.

ఏ వేళకు వెళ్ళాలి?

అక్కడి కుటుంబాలు రాత్రి తొమ్మిది, పదింటికి హోటళ్ళకు బయలుదేరతాయి. మనమూ ఆ వేళకే వెళితే పిల్లలు నిద్రమత్తులో ఉంటారు, హోటలు కిటకిటలాడుతుంటుంది, వడ్డన ఆలస్యమవుతుంది. ఈ మూడూ కలిస్తే ఏడుపు రాక ఏమవుతుంది? సాయంత్రం ఆరున్నర, ఏడు గంటలకే వెళ్ళండి. బల్లలు ఖాళీగా ఉంటాయి. సర్వర్లకూ తీరిక ఉంటుంది. మధ్యాహ్నం పిల్లను బాగా నిద్రపుచ్చి తీసుకువెళ్ళండి.

బొత్తిగా ఆకలితో మాత్రం తీసుకువెళ్ళకండి. బయలుదేరే ముందు సగం కడుపు నింపండి. "అక్కడ డబ్బులు పోసి కొంటాం కదా, ఇంట్లో ఎందుకు పెట్టాలి?" అనుకునేవాళ్ళున్నారు. దినారు అంటే మన డబ్బుల్లో రెండొందల డెబ్బై రూపాయల పైమాటే, నిజమే. కానీ ఆకలి మీదున్న రెండేళ్ళ బిడ్డ ఇరవై నిమిషాలు ఆగలేదు. సగం కడుపు నిండిన బిడ్డయితే దోసె ముక్క చేత్తో పట్టుకుని ఆడుకుంటూ తింటుంది.

పాత హోటళ్ళలో కుటుంబాల కోసం అడ్డు కట్టిన గదులుంటాయి. పాలిచ్చే తల్లులకు అవి ఎంతో వీలు. లేకపోతే గోడవార బల్ల అడగండి. వంటగది తలుపు పక్కన మాత్రం వద్దు, వేడి గిన్నెలు తిరిగే దారి అది. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా వద్దు. బయట నలభై అయిదు డిగ్రీలుంటే లోపల వణుకు పుడుతుంది. పిల్లకు ఒక పలుచటి శాలువా తప్పనిసరి. షీషా పొగ పీల్చే కాఫీ హోటళ్ళ వైపు పసిపిల్లల్ని అసలు తీసుకుపోవద్దు.

సంచిలో ఏముండాలి?

పిల్ల చెంచా, మూత ఉన్న గ్లాసు, మెడకు కట్టే గుడ్డ, తడి గుడ్డలు, ఒక జత బట్టలు. మీకూ ఒక దుపట్టా అదనంగా పెట్టుకోండి, కక్కు పడేది మీ భుజం మీదే! చప్పుడు చెయ్యని బొమ్మ ఒకటి, రంగు పెన్సిళ్ళు నాలుగు, తెల్ల కాగితాలు.

"బొమ్మలెందుకు, ఫోను చేతికిస్తే సరి" అంటారా? ఏడాది లోపు పిల్లలకు తెర చూపించనే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజు మొత్తానికి గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదీగాక తెర చూస్తూ తిన్న బిడ్డకు ఏం తింటోందో, ఎంత తింటోందో తెలియదు. వారమంతా గదిలో ఉన్న బిడ్డ ఆ పూటయినా మనుషుల్ని చూడనివ్వండి.

ఆరు నెలలు దాటి, బువ్వ మొదలుపెట్టిన పిల్లలకు ఇంటి తిండే తీసుకువెళ్ళండి. బయటి తిండి తేవద్దని బోర్డు పెట్టే హోటళ్ళు కూడా చంటిపిల్లల బువ్వకు అడ్డుచెప్పడం అరుదు. అయినా కూర్చునే ముందు ఒక మాట అడగడం మర్యాద. వేడినీళ్ళు పోస్తే చాలు తయారయ్యే పొడి ఒకటి చెబుతాను, రాసుకోండి.

అటుకుల బువ్వ పొడి: పలుచని అటుకులు రెండు కప్పులు, పుట్నాలపప్పు అర కప్పు, జీలకర్ర అర చెంచా. అటుకుల్ని సన్నటి సెగ మీద కరకరలాడేదాకా వేయించండి. పుట్నాలు, జీలకర్ర కొంచెం వెచ్చబెడితే చాలు. అన్నీ చల్లారాక మెత్తగా పొడి చేసి, జల్లించి, తడిలేని డబ్బాలో పెట్టండి. హోటల్లో మూడు చెంచాల పొడిలో బాగా మరిగిన వేడినీళ్ళు పోసి, కలిపి, పది నిమిషాలు మూతపెట్టండి. మీ చేతి వెనక వేసి చూసి, గోరువెచ్చగా ఉంటేనే తినిపించండి. ఏడాది నిండని పిల్లలకు ఉప్పు వెయ్యకండి. నిండినవాళ్ళకు చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నెయ్యి వెయ్యవచ్చు.

ఏం తెప్పించాలి?

ముందు పిల్లలకు తెప్పించండి, పెద్దలవి తర్వాత. ఇది మొదటి సూత్రం. కూర్చోగానే ఇడ్లీయో, పెరుగన్నమో, సాదా దోసెయో చెప్పేసి, ఆ తర్వాత తీరిగ్గా మెనూ కార్డు చూసుకోండి. తమిళ, కేరళ హోటళ్ళకు అక్కడ కొదవలేదు. వాళ్ళ సాంబారులో మనంత కారం ఉండకపోయినా పిల్లలకు అదీ ఎక్కువే. ఇడ్లీని పాలతోనో, పెరుగుతోనో, కాస్త చక్కెర నెయ్యితోనో పెట్టండి.

మన హోటళ్ళకే పోవాలనేం లేదు. కారం విషయంలో అరబ్బుల తిండి మన పసివాళ్ళకు మరీ అనుకూలం. వాళ్ళ పప్పు సూపును షోర్బత్ అదస్ అంటారు. ఎర్ర మైసూర్ పప్పు, జీలకర్ర వేసి కాచిన చారు అది, మిరపకాయ కారం కనబడదు. దాంట్లో మెత్తటి ఖుబ్జ్ రొట్టె నానబెట్టి పెడితే రెండేళ్ళ పిల్ల గిన్నె ఖాళీ చేస్తుంది. హమ్మస్ అనే ముద్ద కూడా అంతే. మా పెద్దముడియం నల్లరేగడిలో పండే శనగకు అక్క లాంటిది కాబూలీ శనగ. దాన్ని ఉడికించి, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి వేసి వెన్నలా రుబ్బుతారు. శనగలు పండించే సీమలో పుట్టి కూడా నేను శనగలు ఇట్లా తినవచ్చని అక్కడే తెలుసుకున్నాను. ఒక్క మాట గుర్తుంచుకోండి, అందులో నువ్వులున్నాయి. కొందరు పిల్లలకు నువ్వులు, శెనక్కాయలు పడవు. మొదటిసారి తినిపించడం ఇంట్లో, పగటిపూట, కొంచెంగా జరగాలి. హోటల్లో రాత్రిపూట కాదు.

మజ్‌బూస్ అని మసాలా అన్నం, మాంసం కలిపి పెద్ద పళ్ళెంలో తెస్తారు. ఒక పళ్ళెం ఇద్దరు పెద్దలకు, ఒక పిల్లకు సరిపోవచ్చు. ఎంత ఉంటుందో అడిగి చెప్పండి, డబ్బు ఆదా.

షవర్మా పిల్లలకు ఇష్టమే. అందులో మాంసం పూర్తిగా ఉడికిందో లేదో చూడండి. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్ తీసేయించండి. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది ఇందుకే, అది చెడితే పెద్దవాళ్ళే తట్టుకోలేరు. కిబ్బె నయ్యె అనే పచ్చి మాంసపు వంటకం కూడా పిల్లలకు వద్దు. మిగిలింది పార్సిల్ కట్టించుకుంటే దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికి పోయి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట 32 డిగ్రీలు దాటితే వండిన తిండి గంటకు మించి అట్లా ఉండకూడదు. కువైట్ వేసవిలో రాత్రి కూడా 32 దాటుతుంది సుమా!

నాలుగు అరబ్బీ మాటలు

ఇవి వస్తే సగం పని సులువు. "మూ హార్" అంటే కారం వద్దని. "బిదూన్ ఫిల్ఫిల్" అంటే మిరియాలు, మిరపకాయ లేకుండా. "హలీబ్" అంటే పాలు, "మాయ్" అంటే నీళ్ళు, "సుక్కర్" అంటే చక్కెర. "దజాజ్" కోడి, "లహం బఖర్" ఎద్దుమాంసం. అది తినని ఇళ్ళవాళ్ళు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి. "కుర్సీ అత్‌ఫాల్" అంటే పిల్లల కుర్చీ. "ఐష్" అంటే కువైట్ వాళ్ళకు అన్నం, ఈజిప్టు వాళ్ళకు రొట్టె. అన్నం అడిగితే రొట్టె వచ్చిందని కంగారుపడకండి, సర్వరు ఈజిప్టు వాడన్నమాట! చివరగా "శుక్రన్", అంటే కృతజ్ఞతలు.

గొంతుకు అడ్డం పడేవి

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. అరబ్బు హోటళ్ళలో కూర్చోగానే ఊరగాయ ముక్కలు, ఆలివ్ కాయలు పళ్ళెంలో పెడతారు. ఆలివ్ కాయల లోపల గింజ ఉంటుంది. ఖర్జూరంలోనూ ఉంటుంది. గుండ్రటి ద్రాక్షపండు, శెనక్కాయలు, పిస్తా, గట్టి మిఠాయి ఇవన్నీ అయిదేళ్ళ లోపు పిల్లల గొంతుకు అడ్డం పడేవే. ఆ పళ్ళెం ముందు పిల్లకు అందనంత దూరం జరపండి. గింజ తీసి, నిలువుగా కోసి, చిన్న ముక్కలు చేశాకే ద్రాక్షలు, ఖర్జూరాలు పెట్టాలి. పిల్ల పరుగెడుతూ, నవ్వుతూ, పడుకుని ఏదీ తినకూడదు. పిల్లల కుర్చీలో కూర్చోబెడితే నడుముకు పట్టీ బిగించండి. వేడి టీ గ్లాసులు పిల్ల చెయ్యి చాచినా అందని చోట ఉంచండి.

ఒకవేళ అడ్డం పడితే? బిడ్డ దగ్గుతుంటే దగ్గనివ్వండి, దగ్గే మంచి మందు. దగ్గలేక, ఏడవలేక, ముఖం నీలిరంగుకు మారుతుంటే క్షణం ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు గట్టిగా కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఎదురొమ్ము మధ్యలో అయిదుసార్లు నొక్కండి. వచ్చేదాకా మార్చి మార్చి చెయ్యండి. ఏడాది దాటిన పిల్లలకు వీపు మీద అయిదు దెబ్బలు, ఆ తర్వాత వెనక నుంచి రెండు చేతులూ చుట్టి బొడ్డుకు పైన లోపలికీ పైకీ అయిదు నొక్కులు. కనబడని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి వెతకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డ స్పృహ తప్పితే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఇంకొకరు వెంటనే 112కు ఫోను చెయ్యాలి, కువైట్‌లో అత్యవసర నంబరు అదే. వీలుంటే ఇవన్నీ తెలిసినవాళ్ళ దగ్గర ఒకసారి బొమ్మ మీద చేసి నేర్చుకోండి. భర్తకూ నేర్పించండి.

ఎవరు ముందు తినాలి?

ఇక అసలు మాటకు వస్తున్నాను. హోటల్లో ఒక్కసారి చుట్టూ చూడండి. తండ్రి పళ్ళెం ఖాళీ అయి ఉంటుంది. తల్లి పళ్ళెంలో దోసె చల్లారి, తోలులా సాగుతుంటుంది. ఒక చేత్తో పిల్ల నోరు తుడుస్తూ, రెండో చేత్తో ఆ దోసెను తుంచుతూ, "నాకేం, నేను తర్వాత తింటాలే" అంటుంటుంది. ఇంట్లో వారమంతా అట్లాగే చల్లటి బువ్వ తిన్నది కదా, ఒక పూట తిందామని వచ్చి ఇక్కడా అదేనా?

ఒక వరస పెట్టుకోండి. ఈ శుక్రవారం ముందు మీరు వేడిగా తినండి, పిల్లను ఆయన ఎత్తుకుంటారు. వచ్చే శుక్రవారం ఆయన ముందు. ఒకరి పళ్ళెం వచ్చాక పది నిమిషాలకు రెండో పళ్ళెం తెమ్మని సర్వరుకు చెబితే ఎవరిదీ చల్లారదు. "మగవాడు పిల్లకు తినిపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అనే సందేహం వద్దు. అక్కడ తండ్రులు పిల్లల్ని చంకనెత్తుకుని తిరగడం ఎవరికీ వింత కాదు. చల్లగా నవ్వుతూ అడిగి చూడండి, చాలామంది మగవాళ్ళు కాదనరు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే.

రంజాన్ నెలలో

రంజాన్ పగటిపూట కువైట్‌లో ఎవరూ బహిరంగంగా తినకూడదు, తాగకూడదు. 1968 నాటి 44వ నంబరు చట్టం అది. తప్పితే వంద దినార్ల దాకా జరిమానా, లేదా నెల రోజుల దాకా జైలు. ఉపవాసం మనకు లేకపోయినా ఈ నియమం మనకూ వర్తిస్తుంది. పిల్లలకు ఇంట్లోనే పెట్టి బయలుదేరండి. వాళ్ళు మిగిల్చిన బిస్కెట్టు ముక్క అలవాటుగా మీ నోట్లో వేసుకోకండి! 2025లో రంజాన్ మార్చి 1న మొదలైంది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సూర్యాస్తమయం కాగానే హోటళ్ళు ఒక్కసారిగా నిండిపోతాయి. పసిపిల్లలతో ఆ తొలి గంట మానుకుని తర్వాత వెళ్ళడం మేలు.

పక్క బల్లల వాళ్ళు

పిల్ల కింద పోసిన మెతుకులు పెద్దవైనా ఒక కాగితంలోకి ఎత్తండి. ఆ సర్వరు కూడా మనలాగే ఊరు విడిచి వచ్చినవాడే. కేరళవాడో, బంగ్లాదేశ్‌వాడో, ఫోనులో తప్ప తన బిడ్డను చూసి ఏడాది దాటి ఉంటుంది. మీ పాప బుగ్గ తాకి ఒక నిమిషం నిలబడితే విసుక్కోకండి. అరబ్బు ఆడవాళ్ళు కూడా "మాషా అల్లా" అంటూ పిల్లలకు చాక్లెట్లు ఇస్తారు. నవ్వుతూ తీసుకోండి. పిల్లకు పడేదేనా అని చూశాకే విప్పండి.

ఇంకొకటి కూడా మీ కంటబడుతుంది. పెద్ద కువైటీ కుటుంబం కూర్చున్న బల్ల చివర, నల్లటి గౌను తొడుక్కున్న ఒకామె వాళ్ళ పసిబిడ్డకు తినిపిస్తుంటుంది. మీరు తెలుగులో పిల్లను మందలిస్తే ఆమె చటుక్కున తలెత్తి చూస్తుంది. అడిగితే రాయచోటి అంటుంది, లేదంటే బద్వేలు అంటుంది. తన పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, వాళ్ళ ఫీజుల కోసం ఇంకొకరి బిడ్డకు బువ్వ పెడుతోంది. చేతులు కడుక్కునే చోట కలిసినప్పుడు "అక్కా, బాగున్నావా?" అని ఒక్క మాట పలకరించండి. వీలైతే ఒక నిమిషం మీ పాపను ఎత్తుకోనివ్వండి. మీకది ఖర్చు కాదు, ఆమెకు వారానికి సరిపోతుంది.

వేరే దేశాల్లో ఉన్నవాళ్ళకు

అమెరికాలో పిల్లలకు వేరే మెనూ, ఎత్తు కుర్చీ మామూలే. నీళ్ళు మాత్రం మంచుగడ్డలతో తెస్తారు, అవి వద్దని ముందే చెప్పండి. బిల్లు మీద నూటికి పదిహేను నుంచి ఇరవై దాకా టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. లెక్కలో అది కలుపుకునే తెప్పించండి. పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, బాదం జీడిపప్పు జాతి, వేరుశెనగ, గోధుమ, సోయా, ఈ ఎనిమిదింటితో పాటు నువ్వులను కూడా 2023 జనవరి 1 నుంచి అక్కడ ప్యాకెట్ల మీద అచ్చువెయ్యాలి. హోటల్లో మాత్రం మీరే నోరు తెరిచి అడగాలి.

సింగపూరులో హాకర్ సెంటర్లు పిల్లలవాళ్ళకు సుఖం. చప్పుడు మధ్య మీ పిల్ల ఏడుపు ఎవరికీ వినబడదు! తిన్న పళ్ళేలు మనమే తీసుకెళ్ళి పెట్టాలని 2021 సెప్టెంబరు నుంచి అక్కడ కచ్చితంగా అమలు చేస్తున్నారు. మూడేళ్ళ బిడ్డ చేతికి ఖాళీ ప్లాస్టిక్ గిన్నె ఒకటిచ్చి వెంట నడిపించండి, ఎంత గర్వంగా మోస్తుందో!

ఏ దేశమైనా మొదటి రెండుసార్లు కష్టంగానే ఉంటుంది. మొదటిసారి అరగంట కూర్చుని వచ్చెయ్యండి. పిల్ల ఏడుపు ఆపకపోతే బయటికి ఎత్తుకుపోయి గాలి తగిలించి రండి. మిగిలింది పార్సిల్ కట్టించండి. అది ఓటమేమీ కాదు. నాలుగోసారికి హోటలు గుమ్మం చూడగానే పిల్లే కుర్చీ చూపిస్తుంది. ఈలోగా మీకూ నలుగురు ముఖపరిచయం అవుతారు. అందులో ఒకరైనా "మీది కడపేనా?" అని అడగకుండా ఉండరు.

మరి వచ్చే శుక్రవారం బయలుదేరండి. దోసె వేడిగా ఉండగానే తినండి!